గ్లాసు నీళ్ళు చూడని వక్త

సభలో మాట్లాడలేక పారిపోయిన వక్తలను మీరు చూసే ఉంటారు. వక్త మాట్లాడుతూ ఉండగా సభే పారిపోవడం ఎప్పుడైనా చూశారా? ఆవులించుకుంటూ ఒకరి వెనక ఒకరు జారుకోవడం గురించి చెప్పడం లేదు. ఆ గౌరవం మన నాయకులందరికీ రోజూ దక్కుతున్నదే. కుర్చీలు తన్నుకుంటూ, చెప్పులు వదిలేసి, చేతిలోని లడ్డు కింద పారేసి, ఒక్క ఉదుటున హాలు హాలంతా ఖాళీ కావాలి. అంతటి ఘనత సాధించిన వక్తను నేను. పైగా అది నా తొలి ప్రసంగం. దాన్ని మించినది ఇన్నేళ్ళలో మళ్ళీ చెయ్యలేకపోయాను.

నా ఉద్యోగమంతా పత్రికల్లో గడిచింది. అంటే సభల్లో ముందు వరుసలో కూర్చుని ఇతరులు మాట్లాడింది రాసుకోవడం. "అన్ని ఉపన్యాసాలు అంత ఓపికగా ఎట్లా విన్నావయ్యా?" అని మిత్రులు అడుగుతుంటారు. వేదిక మీద ఉన్నది నేను కాదు కదా, ఆ సంతోషంతో విన్నాను.

మేము బంగారు గనుల ఊరు గోల్డ్ ఫీల్డ్స్‌లో, చాంపియన్ రీఫ్స్‌లో ఉండేవాళ్ళం. మా తాత బైరకూరు పక్కన రాగి చేలు వదిలి బంగారం గనికి వచ్చాడు. మా నాయన మునెప్ప అదే గనిలో దిగాడు. అప్పటికి గనులు దొరల చేతుల్లోంచి సర్కారు చేతికి వచ్చాయి కానీ, మేముండే లైన్లు మాత్రం దొరల కాలంలో ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి. ఒకదానికొకటి అతుక్కున్న ఇళ్ళ వరసనే లైను అంటారు. ఇంటికీ ఇంటికీ మధ్య ఉన్నది తడిక గోడ. ఇక్కడ తుమ్మితే మూడో ఇంట్లోంచి "చల్లగా ఉండు నాయనా" అనేవాళ్ళు. అన్ని గొంతుల మధ్య పెరిగినవాడికి నలుగురి ముందు మాట్లాడటం పుట్టుకతో రావాలి. నాకు పుట్టుకతో రాలేదు, బడికి పోయాక ఉన్నది కూడా పోయింది.

ఆయుధపూజ రోజున మా బడిలో అతిథికి స్వాగతం చెప్పమని నన్ను నిలబెట్టారు. "సభకు" అన్నాను. తర్వాత రావలసిన "నమస్కారం" రాలేదు. మళ్ళీ "సభకు" అన్నాను. సభ ఓపికగా ఎదురు చూసింది. నా కాళ్ళు వణకసాగాయి. ఎక్కడైనా కూలబడితే బాగుండునని వెనక్కి జరిగి, కనబడిన కుర్చీలో కూర్చున్నాను. అందులో అప్పటికే అతిథిగారు ఉన్నారు. ఆయన మంచివాడు. చప్పట్లు ఆగేదాకా నన్ను ఒడిలోనే ఉంచుకున్నాడు.

ఇంతటి అనుభవం ఉన్న నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా నాయన రిటైరయ్యే రోజు దగ్గర పడింది.

మా నాయన పని గని లోపల రాయికి తూట్లు పొడవడం. ఆ డ్రిల్లింగ్ మిషను మోత ఆయన చెవుల్ని సగానికి సగం తినేసింది. అందుకని ఇంట్లో ఉప్పు అడిగినా ఊరంతటికీ వినబడేట్టు అడిగేవాడు. మిషను అదురు మాత్రం ఆయన చేతుల్లో ఉండిపోయింది. అన్నం కలుపుతుంటే చేతులు వణికేవి. నిద్రలో కూడా వేళ్ళు దుప్పటి మీద సన్నగా ఆడేవి. ఇదంతా మాకు మామూలే. వేరే ఇళ్ళలో నాయనల చేతులు కదలకుండా ఉంటాయని కాలేజీకి పోయాకే నాకు తెలిసింది.

ఒకరోజు సాయంత్రం షిఫ్టు దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అరిచాడు.

"చంద్రా! రిటైర్ సభలో నా తరఫున నువ్వే మాట్లాడల్ల!"

"నేనా? నాకు ఒళ్ళు బాగలేదు నాయనా."

"సభ ఇంగా నెల ఉండాది కదప్పా!"

"అప్పటికీ బాగుండదు."

పొయ్యి దగ్గర నుంచి మా అమ్మ నా పక్షం తీసుకుంది. ఆమె పక్షం తీసుకునే పద్ధతి ఇది: "వాణ్ణా మైకు ముందర నిలబెట్టేది? చారులో ఉప్పు తక్కువైతే చెప్పేదానికే నోరు రాదు వానికి. గిన్నె పక్క చూసి మూలుగుతాడు. అంత మందిలో వాడు మూలిగితే నీ మానం పోదా?"

నాయన ఆ మాట విన్నాడో లేదో తెలియదు. వినకూడదనుకున్నవి ఆయనకు మరీ తక్కువ వినబడేవి. నా పక్కన కూర్చుని, తనకు చేతనైనంత చిన్న గొంతుతో, అంటే రెండిళ్ళకు మాత్రమే వినబడేట్టు చెప్పాడు.

"చూడు చంద్రా. ఆ హాల్లో మేనేజర్లు ఇంగ్లీషులో మాట్లాడతారు. తక్కినోళ్ళంతా తమిళంలో మాట్లాడతారు. ఎంతమంది తెలుగోళ్ళు రిటైరైనారో, ఒక్కడు కూడా ఆ మైకులో మన మాట పలికింది ల్యా. తల ఊపి, మాల ఏయించుకోని దిగొచ్చేసినారు. నేను మాట్లాడితే అరుస్తాను, ఇంగ ఏడ్చినా ఏడుస్తాను. నువ్వు చదువుకోనుండావు. నా కొడుకు నా గురించి ఏం చెప్తాడో ఒక్కతూరి వినాలని ఉండాది నాకు. నా చెవికి అందేట్టు చెప్పు, అంతే."

ఆ మాటకు ఎవరైనా కాదనగలరా? నేను కూడా కాదనలేదు. రాత్రి జ్వరం తెచ్చుకోవాలని మాత్రం శాయశక్తులా ప్రయత్నించాను. రాలేదు.

ఇక గురువు కావాలి. పక్కింటి ఏళుమలై అన్న ఉండనే ఉన్నాడు. గనిలోకి మనుషుల్ని దింపే బోను దగ్గర గంట కొట్టడం ఆయన పని. పైకి వచ్చాక మైకు పట్టుకోవడం ఆయన వ్యసనం. పెళ్ళిలో ఆయన తమిళం మాట్లాడితే చావింట్లో ఉన్నవాళ్ళు కూడా లేచి వచ్చి వినేవాళ్ళు. నన్ను చూసి జాలిపడి, ఊరి అంచున కొండల్లా పడి ఉన్న సయనైడ్ దిబ్బల దగ్గరికి తీసుకుపోయాడు. బంగారం తీసేశాక మిగిలిన మట్టి అది. ఆ దిబ్బల కింద మేకలు మేస్తున్నాయి. "ఇదే నీ సభ" అన్నాడు.

మేకలను చూడగానే నా కాళ్ళు వణికాయి.

"తంబీ, నీ పయం యాడ ఉండాదో నాకు తెలిసిపోయింది," అన్నాడు అన్న, తన తమిళ తెలుగులో. "నీ కంట్లో ఉండాది. మొగాలు చూస్తావు, పయం వస్తుంది. చూడొద్దు. కళ్ళు మూసుకో. గనిలో మేము చీకట్లోనే కదా మాట్లాడేది? దీపం ఆర్పేస్తే మేనేజరు లేడు, కూలీ లేడు. అప్పుడు చూడు, పిల్లి కూడా పులి మాదిరి పేసుతుంది."

"కాళ్ళు వణికితే అన్నా?"

"వణకనీ. నువ్వు మాట్లాడేది నోటితో. కాలితో నీకేం పని? భూమి బద్దలైనా సరే, నోరు ఆపొద్దు. బాగా మాట్లాడితే జనం లేచి నిలబడతారు. కుర్చీలు టపటపమని సప్పుడు వస్తుంది. అప్పుడు ఇంగా గొంతు ఎత్తు."

ఈ మాటలు నేను వేదవాక్కుల్లా మనసులో రాసుకున్నాను. గురువు మాటల్లో ఏది పోలికో, ఏది నిజంగా జరగబోతోందో శిష్యుడికి ఎట్లా తెలుస్తుంది చెప్పండి?

ఆ తర్వాతి ఆదివారం పొద్దున ఇంట్లోనే సాధన మొదలుపెట్టాను. వేదిక కావాలి కదా, నాయన పాత ఇనప పెట్టె మీద ఎక్కాను. పెట్టె ఒక మూల అమ్మ గిన్నెలు బోర్లించి ఉన్నాయి. కళ్ళు మూసుకుని "సభకు నమస్కారం" అన్నాను. కాళ్ళు వణికాయి. కాళ్ళ కింద పెట్టె వణికింది. పెట్టె మీద గిన్నెలు గలగలమన్నాయి. కాళ్ళలోంచి నడుము దాకా అదురు పాకింది.

గోల్డ్ ఫీల్డ్స్‌లో పుట్టినవాడికి ఈ లక్షణాలన్నీ కలిస్తే ఒకటే అర్థం. గని లోపల, చాలా లోతులో, పైనున్న బరువుకు రాయి తట్టుకోలేక ఉన్నట్టుండి పగులుతుంది. దాన్ని మేము బ్లాస్ట్ అంటాం. పైన భూమి అదురుతుంది, ఇళ్ళలో గిన్నెలు మోగుతాయి. ఆ క్షణాన ఎవరి మనిషి లోపల ఉంటే వాళ్ళు ఉన్నపళంగా షాఫ్టు దగ్గరికి పరిగెత్తుతారు. గనిలోకి దిగే నిలువు బావి అదే కదా, కబురు వచ్చేది అక్కడికే.

"బ్లాస్ట్! బ్లాస్ట్!" అని కేకలు పెడుతూ బయటికి దూకాను.

లైను లైనంతా వీధిలో పడింది. సగం గడ్డం గీసుకున్న మనిషి సబ్బు నురగతో వచ్చాడు. ఎదురింటి పార్వతక్క దోసె అట్లకాడతో వచ్చింది. ఆదివారమైనా కొందరు షిఫ్టులో ఉన్నారు. వాళ్ళ ఆడవాళ్ళు ఒట్టి కాళ్ళతో షాఫ్టు వైపు పరిగెత్తారు. వీధి చివరిదాకా పోయాక, షాఫ్టు మీద చక్రం ఎప్పటిలాగే నిదానంగా తిరుగుతూ కనబడింది.

"యాడరా బ్లాస్ట్?" అన్నారు అందరూ.

నేను నా మోకాళ్ళ వైపు చూసుకున్నాను. అవి ఇంకా ఆడుతూనే ఉన్నాయి.

పార్వతక్కకు మొదట అర్థమైంది. "అయ్యో దేవుడా! వీని కాళ్ళు వణికినాయంట! దానికి బ్లాస్ట్ అనినాడు!" అని అట్లకాడతో నెత్తి కొట్టుకుంది. ఆమె దోసె అప్పటికే మాడి బొగ్గయింది.

అందరూ నవ్వారు కానీ ఒట్టి కాళ్ళతో పోయిన ఆడవాళ్ళు మాత్రం నవ్వలేదు. మా అమ్మ కూడా. "ఆడోళ్ళ గుండెలు ఆపేస్తివి కదరా," అన్నది. నాయన ఒక్కడే కోప్పడలేదు. నన్ను లోపలికి తీసుకుపోయి నీళ్ళ బిందె చూపించాడు.

"వెర్రి నాయనా, కాళ్ళను నమ్మకూడదప్పా. నీళ్ళను చూడల్ల. నీళ్ళు కదిలితే భూమి. నీళ్ళు కదలకుంటే నువ్వు. అంతే లెక్క."

ఆ వారమంతా నేను వీధిలో తలెత్తితే ఒట్టు. "ఏమప్పా చంద్రా, ఈ దినం బ్లాస్ట్ ఎన్ని గంటలకి? దోసె పెనం మీద ఎయ్యొచ్చునా?" అని పార్వతక్క రోజూ అడిగేది. ఏళుమలై అన్న అయితే నన్ను చూడగానే తన మోకాళ్ళు రెండూ పట్టుకుని "షాఫ్టుకి ఫోన్ చెయ్యనా తంబీ?" అనేవాడు. పాము కరిచినవాడు తాడును చూసినా భయపడతాడంటారు. నేను తాడును చూసి ఊరంతటినీ పరిగెత్తించినవాణ్ణి. ఇక మీదట పామే వచ్చి చుట్టుకున్నా సరే, అది తాడేనని నమ్మి తీరాలని గట్టిగా తీర్మానించుకున్నాను.

పెద్దల ఆశీర్వాదం వల్ల ఆ తీర్మానం నెరవేరింది.

సభ మధ్యాహ్నం పెట్టారు. హాలు నిండింది. షిఫ్టు దిగినవాళ్ళు తలలు తడిగా దువ్వుకుని వచ్చి కూర్చున్నారు. ఆడవాళ్ళంతా ఒక పక్క. అందరి చేతుల్లో లడ్డు, కారాబూందీ. మేనేజరు ఇంగ్లీషులో మాట్లాడాడు. ఏళుమలై అన్న తమిళంలో మాట్లాడాడు. ఆయన మాట్లాడితే మేనేజరు కూడా కళ్ళు తుడుచుకున్నాడు, మేనేజరుకేమో తమిళం రాదు. మా నాయనకు మాల వేసి, గోడ గడియారం చేతికిచ్చారు. బతుకంతా సైరన్ కూతకు లేచి, సైరన్ కూతకు తిన్న మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చెవి దగ్గర పెట్టుకుని, వినబడక, అమ్మ చేతికిచ్చేశాడు.

"ఇప్పుడు మునెప్ప కొడుకు మాట్లాడతాడు."

నేను మైకు దగ్గరికి ఎట్లా చేరానో నాకు జ్ఞాపకం లేదు. ఉరికంబం ఎక్కేవాడికి కూడా మెట్లు జ్ఞాపకం ఉండవేమో. అప్పుడు మా నాయన మాలతోనే లేచి వచ్చాడు. చేతిలో గ్లాసు నిండా నీళ్ళు. ఆయన చేతి వణుకుకు కొన్ని దారిలోనే ఒలికాయి. దాన్ని నా ముందు బల్ల మీద పెట్టి, హాలంతా వినేట్టు రహస్యం చెప్పాడు.

"కాళ్ళు ఆడితే ఈ నీళ్ళు చూడు చంద్రా! ఇవి కదలకుంటే ఏమీ లేదని లెక్క. ధైర్యంగా చెప్పు!"

హాలు గొల్లుమంది. నాయన పోయి ముందు వరుసలో కూర్చుని, అరచెయ్యి దొప్పలా చెవి వెనక పెట్టుకున్నాడు.

ఇప్పుడు నా అవస్థ చూడండి. ఒక గురువు కళ్ళు మూసుకోమన్నాడు. ఇంకో గురువు కళ్ళు తెరిచి నీళ్ళు చూడమన్నాడు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడికి కనీసం నీళ్ళు ఎక్కడున్నాయో తెలుస్తుంది. నేను నాయన చెవి వెనక ఉన్న ఆ చేతిని చూశాను. అదీ వణుకుతోంది. ఇంకొక్క క్షణం చూస్తే ఏడ్చేస్తాననిపించి కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

"సభకు నమస్కారం."

వచ్చింది! ఆయుధపూజనాడు తప్పిపోయిన నమస్కారం ఇన్నేళ్ళకు ఇల్లు చేరింది. నాకు ధైర్యం వచ్చింది. "మా నాయన..." అన్నాను.

అంతే. కాళ్ళు వణికాయి. మామూలు వణుకు కాదు. పాదాల కింద నుంచి లేచి, మోకాళ్ళు దాటి, పళ్ళ దాకా వచ్చింది. ఎక్కడో లోపల దుమ్మని మోగింది. 'నా గుండె' అనుకున్నాను. మైకు గరగరలాడి ఆగిపోయింది. 'నా గొంతు' అనుకున్నాను. ఆ వెంటనే కుర్చీలు టపటపమన్నాయి.

లేచారు! జనం లేచి నిలబడ్డారు! ఇంకా రెండు ముక్కలైనా చెప్పలేదే, అప్పుడేనా? తెలుగంటే ఇంత అభిమానమా? ఎవరో "అయ్యో! అయ్యో!" అంటున్నారు. మెచ్చుకోలే అనుకున్నాను. ఒక ఆడగొంతు ఏడ్చింది. అంత కదిలించానా అని నాకే కళ్ళు చెమర్చాయి. గురువు చెప్పినట్టు గొంతు ఎత్తాను. నేర్చుకున్న "అశేష ప్రజానీకం", "సువర్ణావకాశం" అన్నీ ఆ అదురుకు రాలిపోయాయి. మిగిలింది నా సొంత మాట ఒక్కటే. ఆ చీకట్లో నేను చెప్పింది ఇదీ:

"మా నాయన చేతులు వణుకుతాయి. అన్నం కలిపేటప్పుడు వణుకుతాయి, నిద్రలో వణుకుతాయి. నాకు జ్వరం వస్తే నుదుటి మీద ఆ చెయ్యి పెట్టేవాడు. ఆ వణుకు తగులుతుంటే నాకు నిద్ర పట్టేది. ఇప్పుడు మీ ముందర నా కాళ్ళు వణుకుతా ఉండాయి. మీరు నవ్వండి. కానీ నాయనా, నీ కొడుకును కదా, నాకు వణుకు కాక ఇంకేం వస్తుంది? నువ్వు వణికే చేతుల్తోనే రాయి పగలగొట్టినావు. నేను వణికే కాళ్ళ మీద నిలబడి ఒక్క నమస్కారం చెప్పలేనా? ఇంగ నువ్వు దిగొద్దు. పైనే ఉండు. ఎండలో కూర్చో. ఆ చేతులకు ఏ పనీ చెప్పొద్దు."

కళ్ళు తెరిచాను.

కుర్చీలు కొన్ని వెల్లకిలా, కొన్ని బోర్లా పడి ఉన్నాయి. నేల నిండా చెప్పులు, కారాబూందీ. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. హాల్లో పిట్ట లేదు. ఆడవాళ్ళ వైపు ముందు వరుసలో ఒక్కటే మనిషి. ఒళ్ళో గోడ గడియారం, దాని మీద నాయన మెడలోని మాల పెట్టుకుని మా అమ్మ కూర్చుని ఉంది.

"అమ్మా, అందరూ యాడికి పోయినారు?"

"షాఫ్టు కాడికి. బ్లాస్ట్ అయింది కదరా."

"ఎప్పుడు?"

"నువ్వు ‘మా నాయన’ అనినావు చూడు, అప్పుడు."

"నాయన?"

"అందరికంటే ముందు ఆయనే పరిగెత్తినాడు. మాల నా ఒళ్ళో ఇసిరేసి. ఆయనకు చెవులు లేకుంటే ఏం, కాళ్ళకు తెలిసిపోతాది."

నేను బల్ల వైపు చూశాను. గ్లాసులో సగం నీళ్ళు కూడా లేవు. బల్ల మీది గుడ్డ తడిసి ముద్దయింది.

"నీ మూతి కాడే ఉండె గ్లాసు," అన్నది అమ్మ. "ఎగిరెగిరి దూకినాయి నీళ్ళు. నువ్వు చూస్తే కదా. తపస్సులో ఉంటివి."

"మరి నువ్వు పోలేదేమమ్మా?"

అమ్మ మాలలోంచి ఒక రాలిన బంతి రేకు తీసి, మళ్ళీ దాంట్లోనే పెట్టింది.

"పెండ్లయిన కాడి నుంచి పరిగెత్తినాను. పొయ్యి మీద అన్నం వదిలి పరిగెత్తినాను, నిన్ను సంకన ఏసుకోని పరిగెత్తినాను. ఈ దినం నా మనిషి పైనుండాడు కదా. ఇంగ నేనెందుకు పరిగెత్తల్ల? కుర్చీలో కూర్చుందామని కూర్చున్నా." తర్వాత అన్నది, "ఇంగేమన్నా ఉండాదా చెప్పేది? ఉంటే చెప్పు, వింటాను. బాగుండాది."

నా మొదటి ప్రసంగానికి వచ్చిన సమీక్ష అది. తర్వాత వచ్చినవేవీ దాని దరిదాపులకు రాలేదు.

కంగారుపడకండి, ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. పగిలింది పని ఆపేసిన పాత చోట. బోను ఎక్కి ఒక్కొక్కరే పైకి వస్తుంటే, వాళ్ళ వాళ్ళు పేర్లు పెట్టి పిలుచుకుంటుంటే, రిటైరైన మా నాయన అక్కడే నిలబడి అందరి వీపులూ తట్టాడట. పొద్దు వాలాక, కొత్త చొక్కా నిండా మట్టితో ఇంటికి వచ్చాడు. వచ్చీ రాగానే అడిగాడు.

"ఏం చెప్పినావప్పా నా గురించి? నేను వినలేకపోతిని. ఇప్పుడు చెప్పు!"

అరచెయ్యి మళ్ళీ చెవి వెనక పెట్టుకున్నాడు. ఎదురుగా ఆయన ముఖం. దీపం వెలుగుతోంది. నా కళ్ళు తెరిచి ఉన్నాయి. నోరు మూసుకుపోయింది.

"రేపు చెప్తాలే నాయనా."

ఆయన అమ్మ వైపు తిరిగాడు. "నువ్వు వినినావు కదా? ఏం చెప్పినాడు వాడు?"

చారు మరుగుతున్న హడావిడిలో అమ్మ ఒక్క ముక్కలో తేల్చింది. "నీ చేతులు వణుకుతాయని చెప్పినాడు!"

నాయన కాసేపు తన చేతులు చూసుకున్నాడు. "అంతేనా?" అన్నాడు. "దీనికి నెల దినాలు ప్రాక్టీసా? నా చేతులు వణుకుతాయని ఊర్లో తెలీనోడు ఎవుడు?"

లైను లైనంతా తడికల వెనక నవ్వింది. నేను కూడా నవ్వాను. అది కాదు నాయనా, ఇంకా ఉంది అని చెప్పడానికి చాలా రేపులు వచ్చాయి, పోయాయి. ఆయన ఎండలో కూర్చుని ఉంటే పక్కన కూర్చునేవాణ్ణి. "ఏమప్పా?" అనేవాడు. "ఏం లేదు నాయనా" అనేవాణ్ణి. సభలో చెప్పగలిగిన మాట ఒక మనిషికి చెప్పలేకపోవడం కూడా ఒక వాక్చాతుర్యమే అనుకోండి. అట్లా అనుకుంటూనే ఆయన్ని పోగొట్టుకున్నాను.

సభాభయం మాత్రం ఆ రోజుతో వదిలింది. హాలంతా లేచి పారిపోయాక ఇక సభ నన్ను ఇంకేం చెయ్యగలదు? పత్రికలో చేరాక అప్పుడప్పుడు నన్నూ మాట్లాడమనేవాళ్ళు. కాళ్ళు వణికేవి. బల్ల మీది గ్లాసు చూసుకునేవాణ్ణి. నీళ్ళు కదిలేవి కావు. ఓహో నేనే అనుకుని మాట్లాడేవాణ్ణి. ఊళ్ళు మారాను, గ్లాసులు మారాయి. బెంగుళూరు వేదికల మీద గ్లాసు పోయి సీసా వచ్చింది. మూత బిగించిన సీసాలో నీళ్ళు కదిలాయో లేదో చూడటం ఎంత కష్టమో నాకు తెలుసు.

తర్వాత గనులు మూసేశారు. లోపల నీళ్ళు నిండాయన్నారు. కొన్నేళ్ళకు పాత లైన్లవాళ్ళు ఒకసారి కలుద్దామని అదే హాల్లో సభ పెట్టి నన్ను పిలిచారు. పోయాను. పెచ్చులూడిన గోడ, అరువు కుర్చీలు. షాఫ్టు మీద చక్రం అట్లాగే ఉంది, తిరగడం లేదు. ముందు వరుసలో ఒంటి నిండా శాలువా కప్పుకుని ఏళుమలై అన్న. ఆయన పక్కన పార్వతక్క. ఆమె పక్కన మా అమ్మ.

"పెట్టెలూ గిన్నెలూ ఏమీ లేవు కదప్పా వేదిక మీద?" అని పార్వతక్క గట్టిగా అడిగింది.

ఎవరో నిర్వాహకుడు వచ్చి గ్లాసు నీళ్ళు పెట్టిపోయాడు. అతని చెయ్యి వణకలేదు. చుక్క కూడా ఒలకలేదు. ఎందుకో దాన్నే చూస్తూ ఉండిపోయాను.

కళ్ళు తెరుచుకునే మాట్లాడాను. ఆ పాత ప్రసంగమే. "మా నాయన చేతులు వణుకుతాయి" అని మొదలుపెట్టాను. అమ్మ చారు గొడవలో మింగేసిన మిగతా అంతా ఈసారి ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాను. వినవలసిన మనిషి కుర్చీ ఒక్కటే లేదు. "ఇంగ నువ్వు దిగొద్దు, పైనే ఉండు" అన్న చోటికి వచ్చాను.

గ్లాసులో నీళ్ళు కదిలాయి.

ముందు సన్నగా ఒక గీత. తర్వాత వలయం. నేను ఆగిపోయాను. చూస్తే ముందు వరుసంతా ఆ గ్లాసునే చూస్తోంది. పార్వతక్క కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచింది. వెనక కుర్చీలు టపటపమన్నాయి. శాలువా జారిపోతుంటే పట్టించుకోకుండా ఏళుమలై అన్న తలుపు వైపు తిరిగాడు. మా అమ్మ కూడా లేచి నిలబడింది.

కిటికీ అవతల రోడ్డు మీద రాళ్ళ లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. నీళ్ళు నెమ్మదిగా సర్దుకున్నాయి.

"లారీ తంబీ, లారీ," అన్నాడు ఏళుమలై అన్న. "నువ్వు పేసు."

అందరూ నవ్వుతూ కూర్చున్నారు. అయితే అది లారీ అని తెలిసినందుకు ఆ హాల్లో ఒక్క ముఖంలోనూ ఊరట కనబడలేదు. పరిగెత్తడానికి లేచినవాళ్ళు, పరిగెత్తి పోవడానికి చోటు లేక కూర్చున్నారు.

కాబట్టి పాఠక మహాశయులారా, సయనైడ్ దిబ్బల మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇక మీదట పెట్టెలెక్కి ప్రసంగించను. కళ్ళు మూసుకుని ఏ సభనూ నమ్మను. జనం లేచి నిలబడితే ముందు తలుపు వైపు చూసి, ఆ తర్వాతే పొంగిపోతాను. నన్ను పిలిచేవాళ్ళు దయచేసి సీసా పెట్టకండి, గ్లాసు పెట్టండి. గొంతు ఎండిపోయినా ఆ నీళ్ళు ముట్టుకోను. ఎండకు చచ్చిపోతున్నా ముట్టుకోను. అవి తాగేవి కావు.